స్కాన్ అయిపోయాక పాత భూవిజ్ఞాన పటాలు తీసేయొచ్చా?

కొండగుర్తు: ప్రభుత్వ సర్వే పటాలు, ఫీల్డ్ నోట్‌బుక్‌లు స్కాన్ చేశాక, చోటు చాలదని అసలు కాగితాలు తీసేయాలనే మాట ఇక్కడ తరచూ వస్తోంది. నేను ఒప్పుకోను. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) స్కాన్‌లో, రాతిపొరల వాలు ఎంతో పెన్సిలుతో రాసిన చిన్న అంకెలు కనబడవు. కనీసం 600 ఉండాలి.

నిలువుకోత: 1:50,000 పటంలో అర మిల్లీమీటరు గీత మందమే నేల మీద 25 మీటర్లు. 300 డీపీఐలో ఒక చుక్క 4 మీటర్ల పైచిలుకు. ఇంకెంత కావాలి?

కొండగుర్తు: నేనన్నది గీత గురించి కాదండీ, చేతిరాత గురించి.

వాగుఒడ్డు: 400 పెడితే గొడవ ఉండదు.

నిలువుకోత: చేతిరాత కోసం అన్నీ మళ్లీ స్కాన్ చేయాలా? బ్రిటిష్ జియలాజికల్ సర్వే పది లక్షలకు పైగా బోరు రికార్డులు, అంటే ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాసిన కాగితాలు, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. నేను ఒక్క బోరు రికార్డు కోసం ఒక ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాను. ఉందన్నారు, చూపించలేదు. చివరికి అదే చోట మళ్లీ బోరు వేయించాం. ఆ కాగితం అంత భద్రంగా ఉండి ఎవరికి ఉపయోగం?

కొండగుర్తు: మీ పని ఆగిందని మా కష్టం చెత్తలో పోస్తారా? నేను కొండలెక్కి గీసిన పటం కూడా అందులో ఉంది. రాయి కంటికి కనిపించిన చోట నిండు గీత, మట్టి కప్పేసి ఊహించాల్సి వచ్చిన చోట తెగిన గీత వేశాను. డిజిటల్ పటంలో రెండూ నిండు గీతలే అయ్యాయి. అక్కడ భ్రంశం, అంటే రాతిపొరలు విరిగి జరిగిన చోటు, ఉందని నేను తేల్చి చెప్పలేదు. ఇప్పుడది నా పేరు మీద ఉంది!

చెరువుగట్టు: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

నిలువుకోత: ఈ మాట మొదటే చెప్పాల్సింది, డీపీఐ దగ్గర ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. ప్రతి గీతకూ చూసినదా, ఊహించినదా అని రాసే గడి పెడితే సరిపోతుంది.

కొండగుర్తు: గడి పెడతారు, ఖాళీగా వదిలేస్తారు. నింపాలంటే నోట్‌బుక్ తెరవాలి. అందుకే అది ఉండాలంటున్నాను.

నిలువుకోత: ఉండనివ్వండి. నోట్‌బుక్ స్కాన్ కూడా అడిగినవాళ్లందరికీ చూపించండి.

కొండగుర్తు: అందరికీనా? ఆ చిత్తు రాతలు తెలియనివాళ్ల చేతిలో పడితే తప్పుగా వాడేస్తారు.

నిలువుకోత: ఆ ఆఫీసులో నాకు చెప్పిందీ అచ్చం ఇదే.