నెబ్యులాలు లాప్‌టాప్‌లో అప్పటికప్పుడు చూడాలంటే ఏ కెమెరా తీసుకోవాలి?

నిజాంపేట_మేడ:
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్ నిజాంపేట వైపు, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదే చూస్తుంటా. 130 ఎంఎం న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) ఉంది, ఫోకల్ లెంగ్త్ 650, గోటు మౌంటే (తనే వెతికి తిరిగే స్టాండ్) కానీ ఆల్ట్-అజిమత్ రకం, అంటే పైకీ కిందకీ, పక్కలకీ మాత్రమే తిరుగుతుంది. చంద్రుడు, శని, గురుడు బాగా కనబడతాయి, ఇంట్లో అందరూ చూస్తారు, కానీ డీప్ స్కై (నెబ్యులాలు, గెలాక్సీల్లాంటివి) దగ్గరికొచ్చేసరికి ఓరియన్ నెబ్యులా తప్ప ఏది పెట్టినా ఏమీ తెలియట్లేదు, ఆండ్రోమెడా కూడా మసగ్గా చిన్న ముద్దలా ఉంటుంది అంతే. అసలు సంగతి మా నాన్న గురించి. ఆయనకి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, వంగి ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే లెన్స్) చూడలేకపోతున్నారు. నాకు చుక్కలు గుర్తుపట్టడం నేర్పిందే ఆయన, అందుకే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి స్క్రీన్ మీద చూపించాలని ఉంది. ఫోటోలు తీసి వారం రోజులు ప్రాసెస్ చేసుకోవడం నాకొద్దు, ఆ రాత్రే, ఆ కాసేపట్లోనే కనబడాలి. పాత కెనాన్ 1200డి ఉంది, అది చాలా లేక వేరే కొనాలా? లాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్. సిటీ లైట్లలో ఇది అయ్యే పనేనా?

చుక్కల_రాత్రి:
అయ్యే పనే తమ్ముడూ, నేను కూకట్‌పల్లిలో మేడ మీద నాలుగేళ్ళుగా చేస్తున్నా. దీన్ని ఈఏఏ (ఎలక్ట్రానికల్లీ అసిస్టెడ్ ఆస్ట్రానమీ) అంటారు, చూడటానికే తప్ప ఫోటో కోసం కాదు, ఆ తేడా మొదట్నుంచీ మనసులో పెట్టుకుంటే సగం ఖర్చు, సగం చిరాకు తగ్గుతాయి.

నీ కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ముందు పక్కన పెట్టు. చిన్న న్యూటోనియన్లలో చాలావాటికి ఫోకసర్ ఎంత లోపలికి తిప్పినా డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ దాకా ఫోకస్ రాదు, బార్లో (ఇమేజ్‌ని పెద్దది చేసే లెన్స్) పెడితే వస్తుంది కానీ అప్పుడు ఇమేజ్ డిమ్ అయిపోతుంది, మనకి కావాల్సింది దానికి పూర్తిగా రివర్స్. ఐపీస్ పెట్టే 1.25 అంగుళాల గొట్టంలోకే దూరే చిన్న ఆస్ట్రో కెమెరా అయితే ఆ బాధ ఉండదు. కలర్ దే తీసుకో, మోనో (బ్లాక్ అండ్ వైట్) వద్దు. ఐఎంఎక్స్224 సెన్సర్ ఉన్నవి పాతవి, సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే మొదలుపెట్టడానికి బానే ఉంటాయి కానీ నీ 650 ఫోకల్ లెంగ్త్‌కి ఆకాశంలో అడ్డం అర డిగ్రీ కూడా రాదు, పూర్తి చంద్రుడే పట్టడు. ఐఎంఎక్స్585 అయితే దాదాపు 1 డిగ్రీ వస్తుంది, పిక్సెళ్ళు 2.9 మైక్రాన్లు, 2x2 బిన్నింగ్ (నాలుగు పిక్సెళ్ళని ఒకటిగా కలపడం) పెడితే నీ లాప్‌టాప్‌కీ భారం ఉండదు. బడ్జెట్ ఉంటే నా ఓటు దానికే.

సాఫ్ట్‌వేర్ షార్ప్‌క్యాప్, లేదా జెడ్‌డబ్ల్యూఓ కంపెనీ ఏఎస్ఐ కెమెరా అయితే ఏఎస్ఐలైవ్. లైవ్ స్టాకింగ్ ఆన్ చేస్తే ఒక్కో ఫ్రేమ్ రాగానే చుక్కల్ని బట్టి సరిచేసి ముందువాటి మీద పేరుస్తూ పోతుంది. 16 ఫ్రేములు పడేసరికి ఒక్క ఫ్రేమ్‌తో పోలిస్తే నాయిస్‌కి సిగ్నల్ నిష్పత్తి 4 రెట్లు మెరుగవుతుంది. నేను 8 సెకన్ల ఎక్స్‌పోజర్, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) 250 నుంచి 300, అంతే. రెండు నిమిషాలు ఆగితే ఐపీస్‌లో ఎప్పటికీ కనబడనిది తెర మీద ఉంటుంది.

ఆల్ట్-అజిమత్‌కి ఇంకో మాట, ఇది మన దగ్గరవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాలి. ఫీల్డ్ రొటేషన్ వల్ల ఫ్రేమ్ మెల్లగా తిరుగుతుంటుంది, స్టాకింగ్ అప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ తిరుగుడు సరిచేస్తుంది కానీ ఒక్కో ఫ్రేమ్ లోపల జరిగేదాన్ని ఎవరూ సరిచేయలేరు. ఓరియన్ నెబ్యులా మనకి దక్షిణాన బాగా పైకి, 67 డిగ్రీలకి వచ్చినప్పుడు గంటకి 37 డిగ్రీల దాకా తిరుగుతుంది, 10 సెకన్ల ఫ్రేములో మూలల చుక్కలు సాగిపోతాయి. అదే తూర్పున 37 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు గంటకి 6, 7 డిగ్రీలే. డిసెంబర్ మధ్యలో అంటే రాత్రి 9 గంటలకి. మీ నాన్నగారు మెలకువగా ఉండే టైమే కాబట్టి అప్పుడే చూపించు. నెత్తిమీద ఉన్నవాటి జోలికి వెళ్ళకు, తూర్పు పడమరలే మనవి.

డల్లాస్_వెంకట్:
నాది వేరే సలహా అండీ. ఇన్ని వైర్లు, డ్రైవర్లు, కొలిమేషన్ (అద్దాల్ని సరిగ్గా కుదర్చడం) ఎందుకు, సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోప్ తీసుకుంటే ఫోన్‌లో ఎం13 (ఒక చుక్కల గుంపు) అని నొక్కితే అదే వెతికి, ఫోకస్ చేసుకుని, 10 సెకన్ల ఫ్రేములు పేరుస్తూ చూపిస్తుంది, ఆ వ్యూ టీవీలో కూడా పెట్టుకోవచ్చు. పెద్దాయన కోసం అన్నారు కాబట్టి చెప్తున్నా, మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు బ్యాక్‌యార్డ్‌లో దాంతోనే చూపించాను, తనే ఫోన్ పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంది.

చుక్కల_రాత్రి:
వెంకట్ గారూ, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకైతే నేనూ అదే చెప్తాను. కానీ దాని లెన్స్ 50 ఎంఎం, తమ్ముడి అద్దం 130, చేరే వెలుతురు దాదాపు ఏడు రెట్లు తేడా. ఉన్న గోటుని మూలన పడేయడం నాకు ఇష్టం లేదు.

కరీంనగర్_ఆకాశం:
నేను చిన్న మాట కలుపుతా. 2023 మే 19న ఇటగాకి గారు ఎం101 గెలాక్సీలో సూపర్‌నోవా కనిపెట్టినప్పుడు మా ఊర్లో పొలం దగ్గర లాప్‌టాప్ పెట్టి మా పిల్లలకి, పక్కింటి వాళ్ళకి చూపించాను. నెట్‌లో ఫోటోలు అప్పటికే వందలు ఉన్నాయి, ఐనా మా కెమెరాలోకి అదే రాత్రి పడ్డ వెలుతురు అది, 2 కోట్ల ఏళ్ళ కింద బయల్దేరింది అని చెప్తే మా పిల్ల లాప్‌టాప్ దగ్గర్నుంచి కదల్లేదు. ఇందులో సుఖం అదే అన్నా, ఆరుగురు ఒకేసారి చూడొచ్చు.

సిటీలో గెలాక్సీలు ఆశించకండి అనను గానీ వాటి సుడి చేతులు పల్చగానే కనబడతాయి. నెబ్యులాలకి డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (నెబ్యులాలు వెదజల్లే రెండు రంగుల్నే లోపలికి రానిచ్చేది) చాలా హెల్ప్ చేస్తుంది, గెలాక్సీలకి మాత్రం అది తీసెయ్యండి, వాటి వెలుతురు కూడా కోసేస్తుంది. ఎండాకాలంలో కూలింగ్ లేని కెమెరాకి డార్క్ ఫ్రేములు (వేడి వల్ల వచ్చే మచ్చల్ని తీసెయ్యడానికి) తప్పనిసరి, మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్, అదే గెయిన్‌తో తీసుకోండి, సెన్సర్ 6 డిగ్రీలు వేడెక్కితే డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా వేడికి పుట్టే సిగ్నల్) దాదాపు రెట్టింపవుతుంది. మౌంట్‌కి పెన్సిల్ సెల్స్ నమ్మొద్దు, 12 వోల్ట్ అడాప్టర్ గానీ బ్యాటరీ గానీ పెట్టండి. ఫోకస్‌కి బహ్తినోవ్ మాస్క్ (ట్యూబు ముందు పెట్టే చీలికల మూత), అట్టముక్కతో కూడా కోసుకోవచ్చు.

నిజాంపేట_మేడ:
అందరికీ థాంక్స్. 585 కెమెరా తీసుకున్నా. మొదటి రాత్రి ఫోకస్ దొరకలేదు, గంటన్నర తిప్పి తిప్పి దించేశాను, నాన్న ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు, అది చాలా బాధేసింది. నిన్న అట్టతో మాస్క్ కోసి, ముందుగా చంద్రుడి మీద దగ్గర దగ్గర పెట్టుకుని తర్వాత రైజెల్ చుక్క మీద సరిచేశా. అన్న చెప్పినట్టు ఓరియన్ తూర్పున ఉండగానే 8 సెకన్లు పెట్టి స్టాకింగ్ ఆన్ చేశా. మొదటి ఫ్రేమ్‌లోనే గులాబీ రంగు వచ్చేసింది, పదో ఫ్రేమ్‌కి రెక్కలు విప్పినట్టు పరుచుకుంది. నాన్న ఒకసారి స్క్రీన్ వైపు, ఒకసారి పైకి చూసి "గొల్లకావడి కింద ఇంత ఉందా రా, మా పొలంలో కాపలా పడుకున్నప్పుడు దాన్ని చూసే టైము లెక్కపెట్టేవాణ్ణి" అన్నారు. చలేస్తోంది కిందకి వెళ్దాం అంటే దుప్పటి తెమ్మన్నారు, పదకొండు దాకా అక్కడే ఉన్నారు.

ఇప్పుడు పిల్లలకోడి చూపించమంటున్నారు. కృత్తికలు 1 డిగ్రీలో పట్టట్లేదు, ముక్కలుగా వస్తోంది. 0.5 రెడ్యూసర్ (ఎక్కువ ఆకాశం పట్టేలా చేసే లెన్స్) వేస్తే సరిపోతుందా?

చుక్కల_రాత్రి:
చాలా సంతోషం తమ్ముడూ, నాన్నగారికి నా నమస్కారం చెప్పు. రెడ్యూసర్‌కి ఫోకసర్ ఇంకా లోపలికి పోవాలి, నీ న్యూటోనియన్‌లో అది దొరక్కపోవచ్చు, అంచుల్లో చుక్కలూ సాగుతాయి, కొనకు. కృత్తికలకి ఆ పాత 1200డి బయటికి తియ్యి. టెలిఫోటో లెన్స్ ఉంటే 200 ఎంఎం దగ్గర పెట్టి ట్యూబు బదులు మౌంట్ మీద బిగించు, అడ్డం 6 డిగ్రీల పైన వస్తుంది, పిల్లలకోడి మొత్తం, చుట్టూ ఖాళీ కూడా. ఫోటోలు లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లోకి పడేలా పెట్టి షార్ప్‌క్యాప్‌లో ఫోల్డర్ మానిటర్ ఎంచుకో, మిగతాదంతా నిన్న చేసినట్టే.