భారీ ఖర్చుతో తీసిన ప్రతిష్ఠాత్మక చిత్రం ఆడకపోతే అవార్డు ఆశలు మిగులుతాయా?

బెజవాడ ప్రేక్షకుడు (గవర్నర్‌పేట, విజయవాడ)

మా మిత్రబృందం నెలకోసారి కలిసి ఒక సినిమా చూసి చర్చించుకుంటుంది. వచ్చే నెలకు ఎంచుకున్న అంశం ఇది: గౌరవం కోసం, పేరు కోసం కోట్లు కుమ్మరించి తీసి, హాళ్లలో నిలబడని చిత్రాలు. పోయినసారి ఈ మాట ఎత్తగానే మాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. సినిమా ఒకసారి బోల్తా పడిందన్న మాట వచ్చాక అవార్డులిచ్చేవారు కూడా దాని వైపు చూడరని ఒక పక్షం వాదించింది. ఆడే సినిమాకు డబ్బు ఎలాగూ వస్తుంది, అవార్డులు ఉన్నదే ఇలాంటి చిత్రాల కోసం కదా అని రెండో పక్షం అన్నది. నిర్మాతలు కూడా విలేకరుల సమావేశాల్లో “డబ్బు రాకపోయినా గౌరవం దక్కింది” అంటూ ఉంటారు కనుక, ఆ గౌరవానికి లెక్కల్లో ఏమైనా విలువ ఉన్నదా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

నా సందేహాలు రెండు. వసూళ్లు పడిపోవడం అవార్డు అవకాశాలను నిజంగా దెబ్బతీస్తుందా? అవార్డు వచ్చిన తరువాత పోయిన డబ్బులో ఎంతో కొంతైనా వెనక్కి వస్తుందా? ఆస్కార్‌కూ మన జాతీయ అవార్డులకూ ఈ విషయంలో తేడా ఉంటే అదీ చెప్పగలరు. దయచేసి ఏ హీరో అభిమానులూ దీనిని తమ మీదికి తీసుకోవద్దని మనవి.

లక్ష్మీపురం వాసి (గుంటూరు)

ఆస్కార్ వరకు నేను చెబుతాను. వసూళ్లు తక్కువగా ఉండడం వేరు, పోయిన సినిమా అన్న ముద్ర పడడం వేరు. మొదటిది అవార్డుకు అడ్డు కాదు. 2009 నాటి ‘ది హర్ట్ లాకర్’ అమెరికాలో రెండు కోట్ల డాలర్లు కూడా వసూలు చేయలేదు. అయినా ఉత్తమ చిత్రం పోటీలో, వసూళ్లలో ప్రపంచ రికార్డు నెలకొల్పిన ‘అవతార్’ను ఓడించింది. తక్కువ ఖర్చుతో తీసిన చిత్రం కాబట్టి దానిని ఎవరూ పరాజయంగా లెక్కించలేదు. అదే 20 కోట్ల డాలర్లు పెట్టిన సినిమా ‘హర్ట్ లాకర్’ కంటే ఎంతో ఎక్కువ వసూలు చేసినా పోయిన సినిమాయే అవుతుంది. అంటే ముద్ర వేసేది ఖర్చే తప్ప ప్రేక్షకుల సంఖ్య కాదు.

అయితే ఆ ఖర్చే కొన్ని విభాగాల్లో కాపాడుతుంది కూడా. ఆస్కార్ నామినేషన్లలో నటులను నటులు, ఛాయాగ్రాహకులను ఛాయాగ్రాహకులు, కళాదర్శకులను ఆ శాఖవారు ఎంపిక చేస్తారు. ఒక సెట్టును చూసి దాని వెనుక ఎంత పని ఉన్నదో పసిగట్టగల మనిషికి ఆ సినిమా మొదటి వారం ఎంత తెచ్చిందో పట్టదు. 1963 నాటి ‘క్లియోపాత్రా’ ఆ ఏడాది అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసి కూడా మొదటి విడుదలలో ఖర్చు రాబట్టుకోలేక స్టూడియోను దివాలా అంచుకు తెచ్చింది. దానికి వచ్చిన నాలుగు ఆస్కార్లూ ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తులు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కే దక్కాయి. 2011లో ‘హ్యూగో’ పదకొండు నామినేషన్లు పొంది అయిదు గెలుచుకున్నది, అవన్నీ సాంకేతిక విభాగాలే. ‘బ్లేడ్ రన్నర్ 2049’ గెలిచిన రెండూ ఛాయాగ్రహణానికి, విజువల్ ఎఫెక్ట్స్‌కు వచ్చినవి. పెట్టిన డబ్బు తెర మీద కంటికి కనబడే చోట బహుమతి దొరుకుతుంది.

చివరి విడతలో ఆస్కార్ ఇచ్చే అకాడమీ సభ్యులందరూ ఓటు వేస్తారు. ఉత్తమ చిత్రానికైతే ఒక్క పేరు కాకుండా ఇష్టాన్ని బట్టి వరుస క్రమంలో పేర్లు రాయాలి. కొందరికి ప్రాణమై, మిగిలినవారికి పట్టని చిత్రం ఆ పద్ధతిలో గెలవడం కష్టం. 2023లో వచ్చిన ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ దాదాపు 20 కోట్ల డాలర్లతో తయారై, ప్రపంచమంతటా కలిపి 16 కోట్లకు లోపే వసూలు చేసింది. పది నామినేషన్లు వచ్చినా ఒక్కటీ గెలవలేదు. అదే ఏడాది విపరీతంగా ఆడిన ‘ఓపెన్‌హైమర్’ ఏడు ఆస్కార్లు గెలుచుకున్నది. వసూళ్లే దీనికి కారణమని నేను అనను, ఎందుకంటే ‘కిల్లర్స్’ నటి లిలీ గ్లాడ్‌స్టోన్ ఉత్తమ నటి పోటీలో చివరిదాకా గట్టిగా నిలిచారు. కాకపోతే విజయం సాధించిన చిత్రానికి ఓటు వేసేటప్పుడు ఓటరుకు జనమంతా తన వైపే ఉన్నారన్న ధీమా ఉంటుంది.

ఇంకొకటి, ప్రచారం. ఓటర్లకు ప్రత్యేక ప్రదర్శనలు, విందులు, పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు అన్నీ డబ్బుతో కూడిన పనులు. నష్టపోయిన స్టూడియో ఆ డబ్బును ఇంకా పోస్తుందా, చేతులు దులుపుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న. 1967 నాటి ‘డాక్టర్ డూలిటిల్’ భారీగా నష్టపోయింది, విమర్శకులూ పెదవి విరిచారు. అయినా స్టూడియో ఓటర్లకు విందు ప్రదర్శనలు పెట్టి ఉత్తమ చిత్రంతో సహా తొమ్మిది నామినేషన్లు సంపాదించింది. ‘కిల్లర్స్’ విషయంలో నిర్మాత ఆపిల్. ఆ సంస్థ ప్రధాన వ్యాపారం హాలు టికెట్లు కావు కాబట్టి, హాళ్లలో నష్టం వచ్చినా ప్రచారం ఆగలేదు. పాత స్టూడియోల లెక్క వేరు. 2021 నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ 10 కోట్ల డాలర్ల ఖర్చుకు సుమారు 7.6 కోట్లు తెచ్చింది, ఏడు నామినేషన్లలో సహాయనటి అవార్డు ఒక్కటే గెలిచింది.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

పై సమాధానం ఆస్కార్‌కు సరిపోతుంది కానీ మన జాతీయ అవార్డులకు పూర్తిగా వర్తించదు. ఇక్కడ వేలమంది ఓటర్లు లేరు, ప్రచారం లేదు. ప్రాంతీయ జ్యూరీలు వడపోసిన చిత్రాలను కేంద్ర జ్యూరీ చూసి నిర్ణయిస్తుంది. అన్నిటికీ మించి, అర్హతకు ఆధారం విడుదల కాదు, ఆ క్యాలెండర్ సంవత్సరంలో సెన్సార్ సర్టిఫికెట్ పొంది ఉండడం. హాలులో ఒక్క టికెట్టు తెగకపోయినా చిత్రం పోటీలో ఉండవచ్చు.

ఇందుకు మలయాళ చిత్రం ‘మరక్కార్’ను మించిన ఉదాహరణ నాకు కనబడదు. దాదాపు వంద కోట్ల చిత్రంగా ప్రచారమైన ఆ సినిమా 2020లోనే విడుదల కావలసి ఉండగా కోవిడ్ కారణంగా ఆగిపోయింది. 2021 మార్చిలో 67వ జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం గెలుచుకున్నది. ప్రేక్షకుల ముందుకు వచ్చింది మాత్రం అదే ఏడాది డిసెంబరు 2న. దేశంలోకెల్లా ఉత్తమ చిత్రమన్న కిరీటంతో వచ్చినా, పెట్టుబడికి తగినట్లు ఆడలేదు. మీ రెండు పక్షాల వాదనలూ ఈ ఒక్క సినిమా దగ్గర తేలిపోతాయి. అక్కడ వసూళ్లు అవార్డును చెడగొట్టే వీలే లేదు, అవార్డు వసూళ్లను నిలబెట్టనూ లేదు.

తెలుగులో చూస్తే ‘అంజి’ ఉన్నది. 1990ల చివరలో మొదలై, గ్రాఫిక్స్ కోసం ఏళ్ల తరబడి సాగి, 2004 సంక్రాంతికి వచ్చింది. బాక్సాఫీసు దగ్గర నిలబడలేదు. ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు మాత్రం వచ్చింది. 2000లో కమల్‌హాసన్ స్వయంగా నిర్మించిన ‘హే రామ్’ కూడా డబ్బు తేలేదు కానీ మూడు జాతీయ అవార్డులు గెలిచి, ఆ ఏడాది ఆస్కార్‌కు భారతదేశం తరఫున వెళ్లింది. లక్ష్మీపురం వాసి గారు చెప్పిన మాట ఇక్కడా కొంత నిజమే: ఆ మూడింటిలో రెండు దుస్తులకు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు వచ్చినవి, మూడవది అతుల్ కులకర్ణికి సహాయనటుడిగా వచ్చింది.

నంది అవార్డుల ప్రస్తావన లేకుండా మన ప్రాంతంలో ఈ చర్చ ముగియదు. కానీ 2014, 2015, 2016 సంవత్సరాలకు కలిపి 2017 నవంబరులో ప్రకటించాక ఆ అవార్డులకు సుదీర్ఘ విరామం వచ్చింది. అవార్డు కోసమే తీశామని చెప్పుకోవడానికి మన నిర్మాతకు సొంత రాష్ట్రంలో ఒక వేదిక కూడా లేకుండా పోయింది. దాని మీద నాకు బాధ ఉంది, అది వేరే చర్చ.

గాంధీనగర్ లెక్కలు (విజయవాడ)

నేను గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో చాలాకాలం లెక్కలు రాశాను. మీ రెండో సందేహానికి జవాబు చెబుతాను. పెద్దమనుషులు “సినిమా పోయింది” అని ఒకే మాటగా అంటారు, పోయేది ఎవరి డబ్బో చెప్పరు. నిర్మాత కృష్ణా జిల్లా హక్కులను ఎన్‌ఆర్‌ఏ మీద, అంటే తిరిగి ఇవ్వనక్కరలేని అడ్వాన్సు మీద అమ్మితే, నష్టం బయ్యరుది, అంటే ఆ హక్కులు కొన్న పంపిణీదారుది. రిటర్న్ అడ్వాన్సు మీద, అంటే రాబడి తగ్గిన మేరకు తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు మీద ఇస్తే నిర్మాతది. ప్రతిష్ఠాత్మక చిత్రాలకు హక్కుల ధర పేరును బట్టి పలుకుతుంది కాబట్టి బయ్యరు మెడకే ఉచ్చు ఎక్కువ.

ఆఫీసులో ఇది ఎలా కనబడుతుందో చెబుతాను. ప్రతి హాలు నుంచి మా రిప్రజెంటేటివ్ ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల నివేదిక పంపుతాడు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఆ కాగితాలు చూస్తే కడుపు నిండుతుంది. సోమవారం మార్నింగ్ షో అంకె వచ్చేసరికి సినిమా జాతకం తెలిసిపోతుంది. వచ్చిన వసూలు హాలు అద్దెకు కూడా చాలనప్పుడు దానిని నెగెటివ్ షేర్ అంటాం, అంటే సినిమా ఆడించినందుకు బయ్యరే హాలుకు ఎదురు డబ్బు కట్టాలి. గురువారం నాటికి పోస్టరు మారిపోతుంది.

ఖరీదైన సినిమాకు మరో చిక్కు ఉన్నది. 2022 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో ప్రకారం, హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు కాకుండా వంద కోట్లు దాటిన చిత్రాలు షరతులకు లోబడి మొదటి పది రోజులు టికెట్ ధర పెంచుకోవచ్చు. వినడానికి ఇది నిర్మాతకు వరంలాగానే ఉంటుంది. కానీ చరిత్ర, యుద్ధం, జీవితగాథ వంటి చిత్రాలకు కుటుంబాలు టాక్ విని నిదానంగా వస్తాయి. ఆ జనం కదిలేలోగా పెంచిన ధర వారిని ఇంట్లోనే కూర్చోబెడుతుంది, నాలుగు వారాల్లో ఓటీటీలో వస్తుందిలే అనుకుంటారు. అభిమానులతో నిండే సినిమాకు పనికివచ్చే సూత్రాన్ని మెల్లగా ఎక్కవలసిన సినిమాకు వాడి, తరువాత ప్రేక్షకులకు అభిరుచి లేదని తిట్టడం నాకు నచ్చదు.

ఇక అవార్డు సంగతి. 2023 చిత్రాలకు జాతీయ అవార్డులు ప్రకటించింది 2025 ఆగస్టు 1న. అప్పటికి ఆ సినిమా ఏ హాలులో ఉంటుంది? ఆస్కార్ నామినేషన్లు జనవరిలో వస్తాయి, చాలా చిత్రాలు అంతకు కొద్ది నెలల ముందే విడుదలవుతాయి, అందువల్ల అమెరికాలో మళ్లీ హాళ్లు పెంచి నాలుగు డబ్బులు చేసుకునే వీలుంది. మన బయ్యరుకు ఆ అవకాశం లేదు. నగదు బహుమతితో గట్టెక్కవచ్చునా అంటే, 67వ అవార్డుల్లో ఉత్తమ చిత్రానికి నిర్మాతకూ దర్శకుడికీ చెరి రెండున్నర లక్షలు ఇచ్చారు. వంద కోట్ల సినిమా నష్టాల్లో అది ఏ మూలకు? పైగా అందులో బయ్యరు వాటా సున్న.

బెజవాడ ప్రేక్షకుడు

అందరికీ కృతజ్ఞతలు. ‘మరక్కార్’ ఉదాహరణ మా చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఒక్క అనుబంధ సందేహం మిగిలింది. కొన్నేళ్ల తరువాత కొన్ని పరాజయాలను జనం నెత్తిన పెట్టుకుంటున్నారు కదా. 1970 నాటి ‘మేరా నామ్ జోకర్’ అప్పుడు రాజ్‌కపూర్‌ను అప్పుల్లో ముంచింది, అవార్డులు మాత్రం వచ్చాయి, తరువాతి కాలంలో బాగా చూశారు కూడా. ఇప్పుడు మన దగ్గర రీరిలీజుల జోరు ఉంది కనుక, అవార్డు అన్నది సినిమాను అంతకాలం బతికించి ఉంచే సాధనంగానైనా పనికివస్తుందా?

లక్ష్మీపురం వాసి

కొంతవరకు పనికివస్తుంది. సినిమా పేరు పుస్తకాల్లో, ఉత్సవాల్లో, ప్రింటును బాగుచేసి భద్రపరిచేవారి జాబితాల్లో నిలవడానికి అవార్డు తోడ్పడుతుంది. అయితే అవార్డు లేకుండానే బతికిన పరాజయాలు కూడా ఉన్నాయి. 1980 నాటి ‘హెవెన్స్ గేట్’కు దక్కింది ఒకే ఒక్క ఆస్కార్ నామినేషన్, అదీ కళాదర్శకత్వానికి. ఆ నష్టం తరువాత యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థే 1981లో చేతులు మారింది. అయినా ఆ చిత్రాన్ని పునరుద్ధరించి మళ్లీ చూపించారు, దాని మీద అభిప్రాయాలు మార్చుకున్న విమర్శకులూ ఉన్నారు. కాబట్టి దీర్ఘాయువుకు అవార్డు సాయం చేస్తుందే గాని, దాని మీదే ఆధారపడి ఉండదు.

గాంధీనగర్ లెక్కలు

రీరిలీజు లెక్క కూడా చెప్పి విరమిస్తాను. జిల్లా హక్కులను బయ్యరు ఒప్పందంలో రాసుకున్న గడువు వరకే కొంటాడు. గడువు తీరగానే అవి నిర్మాతకు, లేదా నిర్మాత దగ్గర నెగెటివ్ హక్కులు, అంటే సినిమా మొత్తం హక్కులు కొన్నవారికి చేరతాయి. ‘మేరా నామ్ జోకర్’ విషయంలో సినిమా రాజ్‌కపూర్ సొంత సంస్థదే కాబట్టి తరువాత వచ్చిన ఆదాయం వారికి దక్కింది. 1970లో దానిని తమ ప్రాంతానికి కొని ఆడించిన పంపిణీదారులకు అందులో హక్కు ఉండదు. మీ చర్చలో ఎవరైనా “చివరికి ఆ సినిమా డబ్బు తెచ్చింది” అంటే, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందో అడగండి. మా ఆఫీసులో పాత సినిమా ఫైళ్లు తీస్తే బాకీ పక్కన అదే బయ్యరు పేరుతో “తరువాతి చిత్రంలో సర్దుబాటు” అని పెన్సిలుతో రాసి ఉంటుంది. నిర్మాత తరువాతి చిత్రమే తీయనప్పుడు ఆ పద్దు అలాగే ఏళ్ల తరబడి పుస్తకంలో నడుస్తుంది.