10 కిలోవాట్ల సర్వీసు, శనివారం అయిదు ఈవీలు: ఎలా సర్దాలి?

టెంట్లసైటు_వికారాబాద్:
అనంతగిరి దగ్గర టెంట్ల సైటు. త్రీ ఫేజ్ కరెంటు, సాంక్షన్డ్ లోడ్ (కరెంటు సంస్థ మాకు మంజూరు చేసిన పరిమితి) 10 కిలోవాట్లు. మూడు గీజర్లు, బోరు మోటారు, ఫ్రిజ్, లైట్లు అన్నీ దానిమీదే. మీటరు నుంచి పార్కింగ్‌కి 60 మీటర్లు. శనివారాలు సిటీ నుంచి నాలుగైదు ఈవీలు (కరెంటు కార్లు) వస్తున్నాయి. 16 ఆంప్స్ ప్లగ్గులు పెట్టిస్తే సరిపోతుందా, లోడ్ పెంచుకోవాలా?

వైర్‌మన్_నాగోల్:
లోడ్ పెంచక్కర్లేదండి. 10 కిలోవాట్లంటే ఫేజుకి 14 ఆంప్స్ చిల్లర. కారుతో వచ్చే చార్జరు ఒక్కటే 15 లాగేస్తుంది. కాబట్టి ఫేజుకి ఒకే ప్లగ్గు, కార్లో గానీ చార్జరు మీద గానీ 10 ఆంప్స్‌కి తగ్గించాలి. రాత్రి 10 నుంచి 5 దాకా ఒక్కో కారుకి 16 యూనిట్లు. వృథా పోను బ్యాటరీకి 14 చేరినా చిన్న కారు 90 కిలోమీటర్లు పోతుంది, సిటీకి 75–80 అంతే కదా. 5కి గీజర్లు మొదలయ్యేలోపు ఆగిపోయేలా టైమరు పెట్టండి. చిన్న టైమరు మీదే కారు లోడు వేయకండి, మధ్యలో 25 ఆంప్స్ కాంటాక్టరు (టైమరు చెప్పినట్టు పెద్ద లోడుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) ఉండాలి.

కేబుల్ 4 స్క్వేర్ ఎంఎం రాగిదే. 2.5 వేస్తే 15 ఆంప్స్ దగ్గర 13 వోల్టులు దారిలోనే పోతాయి, 4 అయితే 8. లైన్లోనే 200 వస్తుంటే ఆ తేడాకే చార్జింగ్ ఆగిపోవచ్చు.

ఈవీ_మియాపూర్:
నాలుగో కారు, అయిదో కారు సంగతి? వచ్చేటప్పుడే ఎంత శాతం ఉందో అడగండి. 60 దాటితే చాలావాటికి ప్లగ్గే అవసరం లేదు. మిగిలినవాళ్లకి మధ్యాహ్నం, గీజర్లు ఆగాక.

నాసిరకం సాకెట్లు మాత్రం వద్దన్నా. ఏడు గంటలు ఏకధాటిగా లోడు పడితే స్క్రూ వదులైన చోట కాలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులు అసలే వద్దు. ఒక్కో ప్లగ్గుకి విడిగా 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీబీఓ (కరెంటు లీకైనా, లోడు ఎక్కువైనా ఆపేసే బ్రేకరు), అందులో టైప్ ఏ రకం. టైప్ ఏసీ రకం బ్రేకరు చార్జరు నుంచి వచ్చే డీసీ కలిసిన లీకేజీని పట్టుకోలేకపోవచ్చు. మూడింటికీ ఒకటే పెడితే ఒక కారు తప్పుకి మూడూ ఆగుతాయి.

టెంట్లసైటు_వికారాబాద్:
జనరేటరు మీద పెడితే చార్జరు ఎర్త్ ఫాల్ట్ అంటోంది. సాకెట్లో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేయమంటున్నారు.

వైర్‌మన్_నాగోల్:
వద్దు! దారిలో న్యూట్రల్ తెగితే కారు బాడీకే కరెంటొస్తుంది. జనరేటరు న్యూట్రల్ ఎర్త్‌కి కట్టి లేకపోతే చార్జరుకి ఎర్త్ ఉన్నట్టే తెలియదు. ఆ కలపడం జనరేటరు దగ్గరే, ఒక్కచోటే, ఎర్త్ పిట్‌తో సహా ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. 5 కేవీఏది అయితే ఒక కారు, అదీ 10 ఆంప్స్ మీదే.