మకరముఖాం... తరమా, కురమా?

పెన్నాతీరం: రెండు రోజులుగా ఒక్క అక్షరం నిద్ర పట్టనివ్వట్లేదు. మొసలి నోట్లోంచి మణి పెకలించవచ్చు, పామునైనా పూదండలా తల మీద పెట్టుకోవచ్చు, మూర్ఖుడి మనసు మాత్రం మార్చలేం అనే భర్తృహరి సుభాషితం ఉంది కదా, దాని తెలుగు పద్యం సంగతి. "మకరముఖాం" తర్వాత పుస్తకంలో "తరస్థ" అని ఉంది. మా తెలుగు మాష్టారు "కురస్థ" అని చదివించినట్టే నా చెవిలో ఉంది. అలా విన్నవాళ్లెవరైనా ఉన్నారా?

పాతప్రతి: "మకరముఖాంతరస్థమగు మాణికమున్". ఏనుగు లక్ష్మణకవి అనువాదం. అంతే. కురస్థ ఏమిటండీ, మూతి మీద మొలకా?

చంపకమాల: ఛందస్సు మాత్రం సాక్ష్యం చెప్పదు. త అయినా కు అయినా లఘువే. యతి మ-మా ఎటూ కదలదు.

గీర్వాణి: ఆ మాష్టారికి సంస్కృత మూలం కంఠతా వచ్చి ఉంటుంది, అది ఇందులోకి జారింది. భర్తృహరిది "మకరవక్త్రదంష్ట్రాంకురాత్". కొన్ని ప్రతుల్లో "దంష్ట్రాంతరాత్". అంటే అక్కడా ఇదే పేచీ! ఆ శ్లోకం ఛందస్సు పృథ్వీవృత్తం కూడా రెంటినీ ఒప్పుకుంటుంది. నా ఓటు అంకురానికే. కోరల సందులోంచి తీస్తే గొప్పేముంది, కోర మొన మీంచి తీయాలి గానీ.

పాతప్రతి: అంకురానికి మొన అనే అర్థం మీరు లాక్కొస్తున్నారు. అంకురమంటే మొలక.

జంతుశాస్త్రం మాష్టారు: మొలకే సరైనదేమో. మొసలి పళ్లు మన పళ్లలాగే దవడ గుంటల్లో దిగి ఉంటాయి కానీ, మనకులా రెండు విడతలతో ఆగవు. పాత పన్ను లోపల బోలు. అందులోకే కొత్తది మొలుచుకొస్తుంది, పాతది ఊడిపోతుంది. బతికినన్నాళ్లూ ఇదే వరస, మొత్తం వేల పళ్లు. దంష్ట్రాంకురం అక్షరాలా ఉంది.

ఆకతాయి: అయితే పెకలించడం దేనికి మాష్టారూ? గట్టున కూర్చుంటే మణి పన్నుతో పాటే రాలుతుందిగా.

గీర్వాణి: 😀 అసలు మకరం మొసలేనా? సొరచేప అన్నవాళ్లూ ఉన్నారు.

జంతుశాస్త్రం మాష్టారు: సొర అయితే ఇంకా సుళువు. దాని పళ్లకు గుంటలే ఉండవు, చిగురుకి అంటుకుని ఉంటాయి. వెనక వరస ముందుకు జరుగుతూ వస్తుంది, ముందుది రాలిపోతుంది.

పాతప్రతి: సొర పోతన గారి సరస్సులోకి ఎలా వచ్చిందో కూడా సెలవియ్యండి.

చంపకమాల: పోతన పేరెత్తారు, ఇక నేనాగలేను. "కరి దిగుచు మకరి సరసికి" పద్యంలో ఒక్క పన్ను కనబడదు, గమనించారా? కకారాలూ రేఫలే కరకరా దిగుతుంటాయి. చిన్నప్పుడు మా తాతగారు ఆ పద్యం చదివితే నేను కాళ్లు మంచం మీదికి లాక్కునేవాణ్ణి.

జంతుశాస్త్రం మాష్టారు: వేమన ఇంకా కచ్చితం. "నిగిడి యేనుగు బట్టు" అన్నాడు, కొరుకు అనలేదు. మొసలికి నమలడం రాదు. ఆ మొనదేలిన పళ్లు పట్టుకోవడానికే. పట్టి, గిరగిరా తిరిగి, ముక్క చీల్చి మింగుతుంది.

గీర్వాణి: మళ్లీ అసలు విషయానికి. లక్ష్మణకవి మొసలికి కోరలు పీకేశాడు. "భుజంగమపి కోపితం" అన్నచోట పాముకి కోపం కూడా తీసేశాడు. సాధుజంతువుల్ని చేశాక మూర్ఖుడి ముందు పోలికకి బలమేదీ?

పాతప్రతి: "సర్పమునైన"లో ఆ "ఐన" చాలదా అక్కా? పాము అన్నాక కోర వేరే చెప్పాలా? ముఖాంతరంలోనూ పళ్లు ఉండనే ఉన్నాయి.

ఆకతాయి: ఇలాంటి పనికిరాని విచారణనే కాకదంతపరీక్ష అంటారు.

గీర్వాణి: కాకికి పళ్లు లేవు కాబట్టి ఆ మాట పుట్టింది తమ్ముడూ. మొసలి నోరు మూసుకున్నా కింది దవడ నాలుగో పన్ను బయటికే కనిపిస్తుంది.

పెన్నాతీరం: ఇంతకీ "కురస్థ" విన్నవాళ్లు?

చంపకమాల: ఈ సుభాషితాల్నే తెలుగు చేసిన ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన ఏం చేశారో చూడకుండా తేల్చకండి. నా పుస్తకాలు అటక మీదున్నాయి. ఆదివారం మా అబ్బాయి వస్తే దింపిస్తా.