ఎంబీఏలో ఎమ్‌ఐఎస్ చదివితే నిర్ణయాలు తీసుకోవడం వస్తుందా?

తరమణి ఎంబీఏ

చెన్నైలో ఎంబీఏ చదువుతున్నాను, రెండో సెమిస్టర్. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (ఎమ్‌ఐఎస్), అంటే మేనేజర్లకి కావాల్సిన సమాచారం సిస్టమ్ ద్వారా అందించడం గురించిన పేపర్ ఒకటి ఉంది. సీనియర్లేమో "గైడు చూసి రాసెయ్, ఆ టైము ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష) మీద పెట్టు" అంటున్నారు. మా సార్ మాత్రం సంస్థలో ప్రతి నిర్ణయానికీ ఇదే ఆధారమంటారు. ఇక్కడ మనవాళ్ళు చాలామంది కంపెనీల్లో ఉన్నారు కదా, మీరేమంటారు?

ఓఎమ్మార్ డేటా

తమ్ముడూ, సీనియర్ల మాటే విను. పెరుంగుడిలో అనలిటిక్స్ టీమ్‌లో ఉన్నాను, ఇంటర్వ్యూలు కూడా చేస్తాను. కింద ట్రాన్సాక్షన్లు, మధ్యలో ఎమ్‌ఐఎస్, పైన పెద్దవాళ్ళ రిపోర్టులు అని త్రికోణం గీసి చూపించేవాళ్ళు నాకు అక్కర్లేదు. రెండు టేబుళ్ళు జాయిన్ చేసి, పవర్ బీఐలో (గ్రాఫుల రిపోర్టులు చేసే సాఫ్ట్‌వేర్) పెట్టి, ఫలానా బ్రాంచిలో అమ్మకాలు ఎందుకు పడిపోయాయో చూపించేవాళ్ళు కావాలి. ఆ సిలబస్ పుట్టిన రోజుల్లో రిపోర్టు నెలకోసారి ప్రింటయ్యేది. ఇప్పుడు మేనేజర్ ఫోన్లోనే అన్నీ ఉన్నాయి. సమాచారం చేతికి రాకపోవడమే అప్పటి సమస్య, అది తీరిపోయింది.

అంబత్తూరు స్టోర్స్

తీరలేదండీ. నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. మా స్క్రీన్ మీద కూడా అన్నీ అప్పటికప్పుడే కనిపిస్తాయి. అయినా ఏం జరిగిందో చెప్తాను.

లారీలో బేరింగులు వచ్చాయి. గేటు ఎంట్రీ అయింది, మా కుర్రాడు జీఆర్‌ఎన్ (సరుకు అందిందనే రసీదు) కొట్టేశాడు. ఆ క్షణం నుంచి సిస్టమ్‌లో 400 బేరింగులు స్టాకు. క్వాలిటీ వాళ్ళు అప్పటికింకా పెట్టెలే విప్పలేదు. విప్పాక 150 పనికిరావని ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టారు. వాటిని సిస్టమ్‌లో బ్లాక్డ్ స్టాకులోకి (వాడకూడని సరుకు) మార్చాల్సింది, ఆలోపే షిఫ్టు మారిపోయింది. ప్లానింగ్ వాళ్ళ స్క్రీన్ మీద 400 అలాగే పచ్చగా ఉంది. దాన్ని నమ్మి మర్నాటి లైన్ ప్లాన్ వేసేశారు. కొత్త ఆర్డరు అక్కర్లేదని సిస్టమ్ కూడా చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం లైన్ ఆగింది.

ఎంత బాగా క్వెరీ రాసినా ఆ టేబుల్లోంచి 400 అనే వస్తుంది. 'స్టాకు' అనే అంకె ఏ దశలో పుట్టాలి, ఎవరి సంతకంతో పుట్టాలి అన్నది ముందు తేల్చుకోలేదు. అదీ లోపం. ఇప్పుడు క్వాలిటీ ఓకే పడ్డాకే సరుకు ప్లానింగ్‌కి కనిపిస్తుంది. ఈ మార్పు అడిగింది ఐటీ వాళ్ళు కాదు, ప్లానింగ్ చూసే ఆవిడ. రోజూ తను తేల్చాల్సిందేమిటో ఆవిడకి తెలుసు, అందుకే ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది. పేరు ఏదైనా కానివ్వండి, ఎమ్‌ఐఎస్‌లో నేర్చుకోవాల్సింది ఇదే.

గిండీ టీచర్

పదేపదే పాఠం చెప్పే సబ్జెక్టు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఓఎమ్మార్ గారూ, సమాచారం లేకపోవడమే అప్పటి సమస్య అన్నారు. 1967లోనే రస్సెల్ ఏకాఫ్ అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ దానికి పూర్తిగా ఎదురు మాట రాశాడు. మేనేజర్లను ముంచుతున్నది కొరత కాదు, అక్కర్లేని సమాచారం పోగుపడటం అన్నాడు. తన పని ఎలా నడుస్తుందో స్పష్టత లేని మేనేజర్ని పట్టుకుని "నీకేం కావాలి" అంటే, ఎందుకైనా మంచిదని అన్నీ అడుగుతాడట. ఈనాటి డ్యాష్‌బోర్డుల మీద నలభై గ్రాఫులు ఎందుకుంటాయో ఇందులోనే తెలిసిపోతుంది. ఏకాఫ్ ఖండించిన నమ్మకాల్లో ఇంకొకటి ఉంది: సిస్టమ్ లోపల ఏం జరుగుతోందో మేనేజర్‌కి తెలియక్కర్లేదు, వాడటం వస్తే చాలు అన్నది.

ఆ నమ్మకం ఖరీదెంతో బ్రిటన్ పోస్టాఫీసులో చూశాం. ఫుజిత్సు తయారుచేసిన హొరైజన్ అనే సిస్టమ్ 1999 నుంచి అక్కడి బ్రాంచిల్లోకి వచ్చింది. బ్రాంచి లెక్కలో డబ్బు తగ్గిందని స్క్రీన్ చూపించింది. పైవాళ్ళు స్క్రీన్‌నే నమ్మారు, బ్రాంచి నడిపేవాళ్ళను దొంగలన్నారు. 2015 వరకు 900 మందికి పైగా దోషులయ్యారు, కొందరు జైలుకెళ్ళారు, ఇళ్ళు వాకిళ్ళు పోగొట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ లోపాల వల్లే అలాంటి తేడాలు రాగలవని 2019లో హైకోర్టు తేల్చింది. 2024లో ఏకంగా చట్టం చేసి ఆ తీర్పులను రద్దు చేయాల్సి వచ్చింది. రిపోర్టులు టైముకే వచ్చాయి. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడగాల్సిన కుర్చీల్లో ఉన్నవాళ్ళు అడగలేదు. నా విద్యార్థులు అలాంటి కుర్చీల్లోకే వెళ్తారు. ఈ పేపర్ అక్కర్లేదంటే నేను ఒప్పుకోలేనిది అందుకే.

ఓఎమ్మార్ డేటా

మేడమ్, హొరైజన్ విషయం ఒప్పుకుంటాను, చదివినప్పుడు నాకూ కడుపు రగిలింది. కానీ అది మీ సిలబస్‌లో ఉందా? ఈ అబ్బాయి గైడు తెరిస్తే ఉండేవి నిర్వచనాలు, తేడాలు, లాభనష్టాలు. పైగా మీరు చెప్పే తెలివి పనిలో దిగాకే వస్తుంది, అంబత్తూరు గారి ప్లానింగ్ ఆవిడకి వచ్చినట్టు. ఆవిడ ఎమ్‌ఐఎస్ చదివిందా అసలు?

అంబత్తూరు స్టోర్స్

చదవలేదు. పన్నెండేళ్ళు ఆ సీట్లో కూర్చుంది. మొన్న చేరిన కుర్రాడు అన్నేళ్ళూ ఆగాలా?

పోరూరు వాసి

మధ్యలో వస్తున్నాను. మాకు దగ్గర్లోనే చెంబరంబాక్కం చెరువు. 2015 డిసెంబర్ 1న అందులోంచి 29,000 క్యూసెక్కులు వదిలారు, అడయారు ఒడ్డున ఇళ్ళు మునిగాయి. 2018లో కాగ్ నివేదిక ఆ నీటి విడుదల తీరును తప్పుపట్టింది. అదే చెరువు 2019 ఎండాకాలంలో దాదాపు ఎండిపోయింది, ట్యాంకరు కోసం బిందెలతో క్యూ కట్టాం.

నేను సివిల్ ఇంజనీర్ని, ఎంబీఏ కాదు. నాకు అర్థమైనంతవరకు, నీటిమట్టం కొలిచే అంకె ఎప్పుడూ ఉంటుంది. ముందే ఖాళీ చేస్తే, వాన పడకపోతే ఊరికి తాగునీళ్ళుండవు. ఆగితే వరద. ఎంత మట్టానికి, ఎలాంటి వాన సూచనకి, ఎవరి మాటతో గేటెత్తాలి అన్నది వాన మొదలుకాకముందే రాసి పెట్టుకోవాలి. ఆ రాత లేకపోతే, సెన్సారు ప్రతి నిమిషం అంకె పంపినా గేటు దగ్గరున్న మనిషి ఫోన్ కోసం ఎదురుచూస్తాడు.

గిండీ టీచర్

పోరూరు గారూ, మీరు చెప్పిన చెరువు నేను క్లాసులో చెప్పే పాఠానికి సరిగ్గా సరిపోతుంది. గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పరిశోధకులు 1971లో నిర్ణయాలను విడదీసి చూపారు. కొన్ని పూర్తిగా నియమానికి లొంగుతాయి, వాటిని మెషీన్‌కి ఇచ్చేయొచ్చు. కొన్ని అసలు లొంగవు. మధ్యలో సగం లొంగేవి ఉంటాయి, లెక్క మెషీన్ చేస్తే తూకం మనిషి వేయాలి. చెరువు గేటు ఆ మధ్య రకం. దాన్ని పూర్తిగా మెషీన్‌కి వదిలినా, పూర్తిగా ఒక ఆఫీసరు ధైర్యానికి వదిలినా ప్రమాదమే.

ఓఎమ్మార్ గారి ఫిర్యాదులో నిజముంది, గైడుల్లో ఇదంతా ఉండదు. పరీక్షలో "తేడాలు రాయండి" అనే ప్రశ్న పోనంతకాలం రాదు కూడా. దానికి పేపర్ని మార్చాలి గానీ తీసేయకూడదు.

తరమణి బాబూ, నువ్వు చేయగలిగింది ఒకటుంది. ప్రాజెక్టుకి పెద్ద కంపెనీ వద్దు. వేళచ్చేరిలో ఒక మందుల షాపుకి వెళ్ళు. ఎక్స్‌పైరీ దగ్గరపడుతున్న మందుల్లో ఏవి డిస్ట్రిబ్యూటర్‌కి తిప్పి పంపాలి, ఏవి అమ్ముడవుతాయని ఉంచాలి అని ఆయన నెలనెలా తేల్చుకోవాలి. దేన్ని చూసి తేలుస్తాడు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు, ఏ అంకె మారితే ఆయన మనసు మారుతుంది, ఇవి రాసుకుని రా. రిపోర్టు డిజైన్ ఆ తర్వాత.

తరమణి ఎంబీఏ

మా ఇంటి కింద షాపే ఉంది మేడమ్, అడుగుతాను. ఆ అన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాడు కానీ ఎక్స్‌పైరీలు మాత్రం విడిగా డైరీలో రాసుకుంటాడు. ఎందుకో ముందు అదే అడుగుతాను.

ఓఎమ్మార్ డేటా

డైరీ ఎందుకో కనుక్కుని వస్తే ఇంటర్వ్యూలో అరగంట దాని గురించే మాట్లాడదాం తమ్ముడూ. కానీ ఆ బిల్లింగ్ డేటా బయటికి తీసి, బ్యాచ్ వారీగా నిల్వ ఎంతో నువ్వే లెక్కగట్టి తీసుకురా. అది రాకపోతే ఆ అరగంట దాకా రాలేవు. ఈ మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.