పది నెలల పాప సరిగ్గా తినకపోతే ఫోన్ చూపించి తినిపించడం తప్పా?

కాకినాడ_కోడలు
మా పాపకు పది నెలలు. పుట్టినప్పుడు 2.6 కిలోలు, పోయిన వారం తూస్తే 7.6. పొద్దున ఇడ్లీ పెడితే పావు ముక్క తింటుంది. మధ్యాహ్నం పప్పన్నం నాలుగు చిన్న ముద్దలు, ఐదో ముద్దకు మూతి తిప్పేస్తుంది. మా అత్తయ్యగారు ఫోన్‌లో పాటలు పెట్టి, పాప నోరు తెరుచుకుని చూస్తుంటే గబగబా గిన్నె ఖాళీ చేయిస్తారు. నాకు నచ్చదు. వద్దంటే "నీ పద్ధతిలో పెడితే పిల్ల చిక్కి శల్యమవుతుంది" అంటారు. పక్కింటి బాబు గిన్నెడు తింటాడని రోజూ పోలిక ఒకటి. మీరేమంటారు?

నానమ్మ_నేనే
అమ్మాయీ, ఇక్కడ మీ అత్తగారి తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరని ముందే రాస్తున్నాను. ఆవిడ గిన్నె ఖాళీ చేయిస్తోంది కాబట్టే పిల్ల ఆ 7.6 అయినా ఉంది. చందమామను చూపించి, కాకిని పిలిచి మేము గోరుముద్దలు పెట్టలేదా? ఇప్పుడు ఆ కాకి ఫోన్‌లో అరుస్తోంది, అంతే. ఆకలి పుట్టాలంటే పొద్దున్నే కాస్త తేనె నాకించు.

డల్లాస్_నాన్న
అమ్మగారూ, చందమామకీ ఫోన్‌కీ చాలా తేడా ఉందండీ. చందమామను చూపించేటప్పుడు మీరు పిల్లతో మాట్లాడతారు, ముఖం చూస్తారు, వద్దంటే ఆగుతారు. ఫోన్ పెట్టాక నోట్లో పడేది పప్పో పెరుగో కూడా పిల్లకు పట్టదు, కడుపు నిండిందో లేదో అంతకన్నా పట్టదు. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా అబ్బాయి డేకేర్‌లో ముందు పెడతారు, కాసేపు చూస్తారు, తినకపోతే తీసేస్తారు. ఎంత తినాలో వాడిష్టం.

నానమ్మ_నేనే
తీసేశాక ఇంటికొచ్చి మీ ఆవిడ ఏం పెడుతుంది బాబూ? పాలసీసాయేగా?

డల్లాస్_నాన్న
అవునండీ, రాత్రి పాలు బాగానే తాగుతాడు. 😀

ఖమ్మం_అంగన్‌వాడీ
మీ ఇద్దరి వాదన గిన్నె చుట్టూ తిరుగుతోంది. ముందు కార్డు తీయండి. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో బరువు గీతల పేజీ ఉంటుంది, ఆడపిల్లలది గులాబీ రంగు. పది నెలల ఆడపిల్లల్లో మధ్యస్థంగా ఉండే బరువు 8.5 కిలోలు. తక్కువ బరువు అనేది 6.7 కంటే దిగితేనే. ఈ పాప 7.6, అంటే సన్నగా ఉంది కానీ కార్డులో మామూలు బరువును చూపే ఆకుపచ్చ పట్టీలోనే ఉంది. ఒక్కసారి తూచిన అంకె కంటే నెలనెలా చుక్కలు కలిపిన గీత ముఖ్యం. గీత పైకి వెళ్తోందా, అడ్డంగా సాగిందా, కిందికి దిగిందా?

ఇంకొకటి. మొదటి మూడు నెలల్లో నెలకు ముప్పావు కిలో పైనే పెరిగే పిల్లలు ఈ వయసులో నెలకు 200, 300 గ్రాములే పెరుగుతారు. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. మా సెంటర్‌కొచ్చే తల్లుల్లో సగం మంది టెన్షన్ ఇదే.

తేనె మాత్రం వద్దు నానమ్మా. ఏడాది నిండేదాకా నాలుక మీద చుక్క కూడా వేయకూడదు. అందులో ఉండే ఒకరకం బ్యాక్టీరియా వల్ల పసిపిల్లలకు బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇద్దరు_పిల్లల_తల్లి
"ఆకలేస్తే అదే తింటుంది, వదిలేయండి" అనే మాట నాకు ఒళ్లు మండిస్తుంది. మా పెద్దోడి విషయంలో ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అదే అన్నారు. ఏడాది దాటాక ఆవుపాలు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. తీరా రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2. పాలల్లో ఐరన్ చాలా తక్కువ, కడుపు మాత్రం నింపేస్తాయి. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా చచ్చిపోతుంది. ఐరన్ చుక్కలు వేసి, పాలు రోజుకు అర లీటరు లోపుకు తగ్గించాకే వాడు పళ్లెం వైపు చూశాడు. కాబట్టి డల్లాస్ గారూ, పిల్లాడి ఇష్టానికి వదలండి, కాదనను. కానీ ముందు ఆ పాల లెక్క చూసుకోండి.

కాకినాడ_కోడలు
కార్డులో గీత పైకే ఉంది అక్కా, నెమ్మదిగా. ఇంకా నా పాలే తాగుతోంది. అన్నం కలిపేలోగా ఏడుస్తుందని ముందు పాలు పట్టేస్తాను. మధ్యలో అత్తయ్యగారు పల్చగా రాగిజావ తాగిస్తారు, అది మాత్రం ఫోన్ లేకుండానే తాగేస్తుంది.

ఖమ్మం_అంగన్‌వాడీ
అసలు సంగతి ఇదీ. పాలు తాగిన పది నిమిషాలకు ముద్ద పెడితే ఎవరు తింటారు చెల్లీ? పాలు మానొద్దు. ఏడాదిలోపు పిల్లలకు శక్తిలో సగం పాల నుంచే వస్తుంది. అన్నం వేళకు ముందు ఓ గంటన్నర ఎడం ఉంచి, తిన్నాక పట్టండి.

ఇక జావ. 9 నుంచి 11 నెలల మధ్య, తల్లిపాలు కాక తిండి నుంచి రావాల్సింది రోజుకు 300 కేలరీలు. ఈ బరువు పిల్ల పొట్టలో ఒకసారికి పట్టేది గ్లాసుడు. ఆ గ్లాసును నీళ్ల జావతో నింపితే ఇంకేం మిగులుతుంది? చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా కాయండి. దించాక చెంచాడు నెయ్యి వేయండి, ఆ ఒక్క చెంచాకే 45 కేలరీలు. మధ్యాహ్నం ముద్దలో పప్పు వంతు పెంచండి, బాగా ఉడికిన గుడ్డు మెత్తగా చిదిమి కలపండి. నాలుగు ముద్దలే తిననీయండి, ఆ నాలుగూ బలమిచ్చేవి కావాలి. అలాంటివి రోజుకు మూడు నాలుగు సార్లు.

గీత రెండు నెలలు వరసగా పెరగకపోయినా, తిన్న ప్రతిసారీ కక్కుతున్నా, పొలమారుతున్నా, ఆటలు మానేసి డల్‌గా ఉన్నా మాత్రం పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

నానమ్మ_నేనే
నెయ్యి మాట బాగుంది. తేనె మానేస్తాం, ఫోన్ కూడా తీసేయమని మీ అత్తగారికి నా మాటగా చెప్పు. కానీ మూతి తిప్పగానే గిన్నె ఎత్తేయడం నేను ఒప్పుకోను. ఒకసారి వద్దంటే కాసేపాగి ఇంకోసారి అడగాలి, కబుర్లు చెప్పాలి, బతిమాలాలి. పిల్లకు అన్నం పెట్టడమంటే అదే.

డల్లాస్_నాన్న
బతిమాలడం వరకూ ఓకే అండీ. బుగ్గలు నొక్కి, ఏడుస్తూ నోరు తెరిచినప్పుడు ముద్ద తోసేవాళ్లను మా చుట్టాల్లోనే చూశాను. అది నానమ్మ ప్రేమైనా సరే, నా ఓటు పడదు.

నానమ్మ_నేనే
అలా తోసేది నేనూ కాదులే. అయినా అంత తొందరగా గిన్నె తీసేసే మీ డేకేర్‌కి నా ఓటూ పడదు.

కాకినాడ_కోడలు
ఆశా వర్కర్ ఇచ్చిన ఐరన్ సిరప్ సీసా తెరవకుండానే ఉంది. వేయొచ్చా? విరేచనం నల్లగా వస్తుందని ఎవరో భయపెట్టారు.

ఖమ్మం_అంగన్‌వాడీ
ఆరు నెలలు నిండినప్పటి నుంచీ అందరికీ ఇచ్చేదే అది. సీసాతో వచ్చిన కొలతతో 1 మి.లీ., వారానికి రెండుసార్లు. పాలతో కలపొద్దు, అన్నం తిన్నాక వేయండి. మలం నల్లగా వస్తుంది, అది ఐరన్ రంగే. ముందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి.