నిలబడలేని వ్యాన్‌లో కాపురం కుదురుతుందా?

సియాటిల్_సీను

అందరికీ నమస్కారం. ఆగస్టులో మా అపార్ట్‌మెంట్ లీజు అయిపోతోంది. మళ్ళీ లీజు రాయకుండా కనీసం ఒక ఏడాది వ్యాన్‌లో ఉందామని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. ఇద్దరివీ ఇంటి నుంచి చేసే ఉద్యోగాలే. (వీసా గొడవేమీ లేదు, గ్రీన్ కార్డులు వచ్చేశాయి. దయచేసి చర్చ అటు తిప్పకండి.)

ఒక ప్లంబింగ్ కాంట్రాక్టర్ అమ్మకానికి పెట్టిన ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాన్ చూసొచ్చాం. లో-రూఫ్, అంటే కప్పు బాగా కిందికి ఉండే రకం. ఫోర్డ్ లెక్క ప్రకారం లోపలి ఎత్తు 56.9 అంగుళాలు, అంటే 4 అడుగుల 9. నా ఎత్తు 5 అడుగుల 10, తనది 5 అడుగుల 3. అదే ట్రాన్సిట్ మీడియం రూఫ్‌లో 72 అంగుళాలు, హై రూఫ్‌లో 81.5 ఉంటుంది గానీ, సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరకడం కష్టంగా ఉంది, దొరికినా ధర మండిపోతోంది. లో-రూఫ్‌లు మాత్రం ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు వాడి అమ్మేసేవి బోలెడు.

నిలబడాలనిపిస్తే తలుపు తీసి కిందికి దిగితే సరి అని నా వాదన. "నవంబర్ నుంచి ఇక్కడ బయట ఏముంటుందో తెలుసుగా" అని తన వాదన. వానాకాలం ముందుందని తెలిసి కూడా లో-రూఫ్ కొనడం తెలివైన పనేనా? అందులో ఉన్నవాళ్ళు చెప్పండి.

మంచుకొండ_మల్లేశ్

ఉన్నవాడినే చెబుతున్నా సీను గారూ. కొలరాడోలో, లో-రూఫ్ ట్రాన్సిట్‌లోనే, ఒక్కణ్ణే. ధైర్యంగా తీసుకోండి.

మనిషి వ్యాన్‌లో నిలబడి చేసే పనులు అసలెన్ని? నిద్ర పడుకుని, తిండి కూర్చుని, ఉద్యోగం కూర్చుని. మిగిలేవి ప్యాంటు, వంట. ప్యాంటుకి నా పద్ధతి ఇది: మంచం మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళూ దూర్చి, మడమలు పరుపుకి ఆనించి నడుం పైకి లేపితే ఒక్క లాగుడుకి పైదాకా వచ్చేస్తుంది. బెల్టు మాత్రం కిందికి దిగాక పెట్టుకుంటా. వంటకి చక్రాల స్టూలు ఒకటి కొన్నాను. దాని మీద కూర్చుంటే స్టవ్వు, సింకు, పోపుల డబ్బా అన్నీ చేతికందే దూరంలోనే.

ఇక్కడివాళ్ళు అపార్ట్‌మెంట్ కిచెన్‌ని కుదించి, అదే 36 అంగుళాల గట్టుతో సహా వ్యాన్‌లో పెట్టుకుంటారు. దాని ముందు నిలబడాలి కాబట్టి ఎత్తు రూఫ్ కావాలంటారు. మా నాయనమ్మ పీట మీద కూర్చుని, కత్తిపీట ముందేసుకుని, కింది పొయ్యి మీద పెళ్ళిళ్ళకి వండిన మనిషి. బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోగల జాతికి 81 అంగుళాలెందుకండీ?

ఇంకో లాభం, బండి బయటి ఎత్తు 7 అడుగుల లోపే. సిటీలో పార్కింగ్ గ్యారేజీల్లోకి దూరుతుంది. హై రూఫ్ 9 అడుగులు దాటేస్తుంది. దాన్ని వీధిలో ఆపితే ఇందులో ఎవరో కాపురముంటున్నారని చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. నా బండి చూసి పనివాళ్ళ బండి అనుకుని వెళ్ళిపోతారు.

ఎడిసన్_అత్తయ్య

మల్లేశ్ బాబూ, నాయనమ్మ పేరెత్తావు కాబట్టి చెబుతున్నా. కింద కూర్చుని వండిన ఆడవాళ్ళ మోకాళ్ళు అరవయ్యో ఏట ఎలా ఉన్నాయో కూడా చెప్పాలి కదా. మా అమ్మ గోడ పట్టుకోకుండా లేచేది కాదు. పైగా ఆవిడ కూర్చున్నది వంటకే. మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళేది, నూతిలో నీళ్ళు తోడేది, దండెం మీద బట్టలారేసేది. పెరడు లేని నాయనమ్మని చూపించు, అప్పుడు ఒప్పుకుంటా.

ఇక పోపు. స్టూలు మీద కూర్చుంటే మొహం మూకుడుకి జానెడు దూరంలో ఉంటుంది. ఆవాలు చిటపటలాడితే ఎక్కడికి వెళ్తాయి? ఎండుమిర్చి ఘాటు పైకి లేచి ఆ నాలుగున్నర అడుగుల దగ్గరే ఆగిపోతుంది, సరిగ్గా మన ముక్కున్న చోట.

మంచుకొండ_మల్లేశ్

పోపు బయటే పెడతానత్తయ్యా. సైడ్ తలుపు తీసి, చిన్న బల్ల మీద స్టవ్వు.

ఎడిసన్_అత్తయ్య

వాన పడితే?

మంచుకొండ_మల్లేశ్

ఆ పూట పెరుగన్నం.

ఎడిసన్_అత్తయ్య

సియాటిల్‌లో అయితే ఆరు నెలలు పెరుగన్నమే అన్నమాట. సీను భార్య ఇది చదువుతోందని ఆశిస్తున్నా.

ఫిజియో_పద్మజ

వృత్తిపరంగా ఒక మాట. ఈ చర్చలో "కూర్చుంటే సరిపోతుంది" అనేది చాలా తేలిగ్గా అనేస్తున్నారు. 1960లలో నాచెమ్‌సన్ అనే స్వీడన్ ఎముకల డాక్టర్ మనుషుల వెన్నెముక డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిటారుగా నిలబడ్డప్పటికంటే ముందుకు వంగినప్పుడు, వంగి కూర్చున్నప్పుడు ఒత్తిడి బాగా ఎక్కువని తేలింది. ల్యాప్‌టాప్ మీదికి వంగి కూర్చుని, లేచినప్పుడు నిటారు కాకుండా వంగే నడిచి, మళ్ళీ వచ్చి వంగి కూర్చుంటే నడుముకి విరామం ఎప్పుడు?

మల్లేశ్ గారు ఒక్కరే ఉంటారు, రోజూ కొండలెక్కుతారేమో, అందుకే తట్టుకుంటున్నారు. లో-రూఫ్ తీసుకుంటే మూడు జాగ్రత్తలు చెబుతాను. వీపుకి ఆనుడు ఉన్న సీటు తప్పనిసరి. లోపల కదలాల్సి వస్తే వంగి నడవకండి, చక్రాల స్టూలు మీదో మోకాళ్ళ మీదో కదలండి. అరగంటకోసారి కిందికి దిగి రెండు చేతులూ పైకెత్తి నిలబడండి, వానైనా సరే.

కొనేముందు ఒక పని చేయండి. మీ హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి వ్యాన్ లోపలి ఎత్తులో దారాలు కట్టి, శని ఆదివారాలు వాటి కిందే ఉండండి. తలకి దారం తగిలినప్పుడల్లా అది ఇనుప కప్పు అనుకోండి.

కొలతల_కామేశం

సెలవు రోజుల్లో స్నేహితులకి వ్యాన్లు కట్టిపెట్టే అలవాటు నాకుంది. దారం 57 దగ్గర కట్టకండి, 54 దగ్గర కట్టండి. 56.9 అనేది ఖాళీ డబ్బా కొలత. నేల మీద ఇన్సులేషన్, ప్లైవుడ్, వినైల్ కలిపి అంగుళం పావు. కప్పుకి ఇన్సులేషన్, దాని కింద చెక్క పలక కలిపి ఇంకో అంగుళంన్నర. మిగిలేది 54.

మీ ఎత్తు మగవాడు కూర్చుంటే సీటు నుంచి నడినెత్తికి 36 అంగుళాల దాకా ఉంటుంది. 17 అంగుళాల బెంచీ మీద కూర్చుంటే 53. అంగుళం మిగిలింది, సంతోషం. అసలు చిక్కు మంచంతో. హై రూఫ్ వాళ్ళు మంచాన్ని 30 అంగుళాల పైన కట్టి, కింద నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, బట్టలు, సైకిళ్ళు తోసేస్తారు. లో-రూఫ్‌లో అలా కడితే మంచం మీద లేచి కూర్చోలేరు, దొర్లాలి. కూర్చోవాలంటే పరుపు పైభాగం 16, 17 దగ్గర ఆపాలి. అప్పుడు కింద మిగిలేది పది అంగుళాల సందు. ఇద్దరి సామాను అందులో పట్టదు. పట్టనిది రూఫ్ మీద పెట్టెలోకి పోతుంది.

మల్లేశ్ గారి గ్యారేజీ వాదన ఇక్కడే తేలిపోతుంది. ఖాళీ బండే 83 అంగుళాల దాకా ఉంటుంది, 7 అడుగులంటే 84. ఇద్దరు పడుకుని రాత్రంతా వదిలే ఊపిరి బయటికి పోవడానికి రూఫ్ ఫ్యాన్ పెట్టక తప్పదు. మూసి ఉన్నప్పుడే అది నాలుగైదు అంగుళాలు పైకి ఉంటుంది. ఫ్యాన్ పెట్టారా, 7 అడుగుల బోర్డున్న గ్యారేజీకి ఇక దూరం.

మంచుకొండ_మల్లేశ్

నాకు రూఫ్ ఫ్యాన్ లేదు. వెనక తలుపుల అద్దాల దగ్గర చిన్న ఫ్యాన్లు రెండు, ముందు కిటికీలకి వాన పడని రేకులు. పొద్దున్నే అద్దాలు తుడుచుకుంటా. ఒక్కడికి సరిపోతుంది, ఇద్దరికి కష్టమే, అది ఒప్పుకుంటా.

స్లౌ_శ్రీకాంత్

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఈ గొడవకి అందరూ చెప్పే మందు పాప్-టాప్, అంటే కావాల్సినప్పుడు పైకి లేచే కప్పు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ కాలిఫోర్నియా వ్యాన్ మూసి ఉంటే 2 మీటర్ల లోపే, మామూలు కారు పార్కుల్లోకి వెళ్తుంది. ఆపాక కప్పు పైకెత్తితే హాయిగా నిలబడొచ్చు. మా ట్రాన్స్‌పోర్టర్ వ్యాన్‌కి కూడా అలాంటిదే వేయించాను.

వారాంతాలకి బంగారం. కాపురానికి ఆలోచించుకోండి. పైకి లేచే గోడలు గుడ్డవి. గాలి వీస్తే రాత్రంతా పటపటమంటాయి, చలి ఆగదు, తెల్లవారాక తడిగుడ్డని అలాగే మడిచి మూస్తే నాలుగు రోజుల్లో బూజు. వీధిలో కప్పు ఎత్తారంటే దాపరికం కూడా పోయినట్టే.

సరదాకి ఇంకొకటి. ఇక్కడ బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ బండి కాగితాల్లో మోటార్ కారవాన్ అని మార్చాలంటే బయటికి కనిపించే లక్షణాలు కొన్ని ఉండాలంటుంది. శాశ్వతమైన ఎత్తు రూఫ్ అందులో ఒకటి, పాప్-టాప్ లెక్కలోకి రాదు. మార్చకపోతే బండి కాగితాల్లో వ్యాన్‌గానే ఉంటుంది. లోపల మంచం, పొయ్యి, పరదాలు అన్నీ ఉన్నా సరే.

ఆటోనగర్_అబ్బాయి

విజయవాడ నుంచి. ఇండియాలో ఎవరైనా ఇది చదివి సెకండ్ హ్యాండ్ వ్యాన్ రూఫ్ కోయించి ఎత్తు పెంచుదామనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. తయారీదారు స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదని. చేసిపెట్టే షెడ్లు మా వీధిలోనే ఉన్నాయి, కాగితాల సంగతి మాత్రం వాళ్ళు చూసుకోరు.

ఎవరో ఒకరు లారీ డ్రైవర్ల పేరు తెస్తారని చూస్తున్నా. మా నాన్న లారీ డ్రైవరే, ఆయన జీవితంలో సగం క్యాబిన్‌లోనే గడిచింది. కానీ క్యాబిన్‌లో చేసింది డ్రైవింగ్, నిద్ర, అంతే. వంట చెట్టు కింద, స్నానం బంకు దగ్గర పంపు కింద, కబుర్లు ధాబా నులక మంచం మీద. చలిదేశంలో, తలుపులు మూసుకుని, ఇద్దరు, ల్యాప్‌టాప్‌లతో ఉండడం దీనికి సంబంధమే లేని విషయం.

కొలతల_కామేశం

అబ్బాయి గారు బాగా చెప్పారు. సీను గారూ, "కొంచెం డబ్బు పోసి మీడియం రూఫ్ తీసుకో" అని చాలామంది మీకు సలహా ఇస్తారు. మీ వరకు నేనైతే అది ఇవ్వను. 72లో నేల, కప్పు కలిపి మూడు తీసేస్తే 69, అంటే 5 అడుగుల 9. మీరు 5 అడుగుల 10. వ్యాన్లలో మెడలు పాడయ్యేది ఇలాంటి ఎత్తుల్లోనే. 4 అడుగుల 6లో ఎవడూ నిలబడాలని చూడడు, శరీరం తనంతట తానే కూర్చుంటుంది. 5 అడుగుల 9లో రోజంతా నిలబడతారు, తల ఒక పక్కకి వాల్చి. నిలబడ్డామనే అనుకుంటారు కూడా. పైన ఒక లైటు బిగించారంటే నుదురు దానికే తగులుతుంది.

అందుకే నా లెక్కలో ఉంటే హై రూఫ్, లేదా పూర్తిగా కూర్చునే బండి. మధ్యలోది వద్దు.

వానలో_వాణి

నమస్కారమండీ, నేను సీను వాళ్ళావిడని. అత్తయ్యగారూ, చదువుతూనే ఉన్నాను.

పద్మజ గారు చెప్పిన దారాలు కట్టాం, కామేశం గారు చెప్పినట్టు 54 దగ్గరే. మా ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. "చూశావా, బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. ఎందుకుండదు? బెంచీ మీద ల్యాప్‌టాప్‌తో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నారు. కాఫీ, ప్లేటు, ఛార్జరు అన్నీ ఆయన దగ్గరికే వచ్చాయి, తెచ్చింది నేను. దారం నా జడకి చిక్కుకుని రెండు చోట్ల ఊడింది. దుప్పటి మడతపెట్టడం ఒక్కటి చేసి చూడమన్నాను. రెండు చేతులూ చాచి దులిపారు, మొత్తం దారాలన్నీ కింద పడ్డాయి.

ఈ చర్చలో అందరూ సీను గారి 5 అడుగుల 10 చుట్టే కొలతలు వేస్తున్నారు. మా ఇంట్లో లేచి తిరిగే మనిషి ఎత్తు 5 అడుగుల 3. మీడియం రూఫ్‌లో నేను చెప్పులతో సహా నిలబడి, చెయ్యెత్తి పై అర కూడా అందుకోగలను. ఆయన ఎలాగూ కూర్చునే ఉంటారు కదా, ఆయనకి మెడ ఎందుకు పట్టేస్తుంది?

ఎడిసన్_అత్తయ్య

అమ్మాయీ, నూరేళ్ళు.

మంచుకొండ_మల్లేశ్

ఒక్కడు ఉన్నప్పుడు ఈ ప్రశ్నే రాదు వాణి గారూ, కాఫీ తెచ్చేదీ నేనే, తాగేదీ నేనే. మీ విషయంలో మీడియం రూఫే న్యాయం. కానీ ఒంటరిగా ఉండేవాళ్ళకి లో-రూఫ్ మంచిదన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను.

సియాటిల్_సీను

దుప్పటి సంగతి ఇక్కడ రాయాల్సిన అవసరం లేదు. మీడియం రూఫ్ అయితే 130 అంగుళాల వీల్‌బేస్ (ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం) చాలా, 148 కావాలా? వీధి పార్కింగ్ కూడా చూసుకోవాలి, ఇక్కడ ఒకే చోట 72 గంటలు దాటి ఆపకూడదు, అస్తమానం కదుపుతూ ఉండాలి.

కొలతల_కామేశం

ఇద్దరికైతే 148, మామూలు పొడవుదే, వెనక ఇంకా పొడుగు పెంచిన ఎక్స్‌టెండెడ్ వద్దు. పొడవు 20 అడుగుల లోపే ఉంటుంది.

ఎత్తు విషయంలో వాణి గారి మాటకి నా దగ్గర జవాబు లేదు కాబట్టి, మీడియం రూఫ్‌లో సీను గారికి కూడా కొంచెం ఊపిరాడేలా చేయడం చెబుతాను. కప్పు లోపలివైపు అడ్డంగా ఇనుప పక్కటెముకలు ఉంటాయి. అందరూ వాటి కింద చెక్క బద్దలు కొట్టి, బద్దల మీద పలక బిగిస్తారు. స్టవ్వు ముందు నిలబడే చోట మాత్రం బద్దలు వేయకండి. రెండు పక్కటెముకల మధ్య ఇన్సులేషన్ పెట్టి, పలకని ఆ సందులోకే ఎక్కించండి. అక్కడికక్కడే అంగుళం కలిసొస్తుంది. నేల మీద కూడా చెక్క బద్దల ఫ్రేము వద్దు, గట్టి ఫోమ్ షీటు పరిచి దాని మీద నేరుగా అర అంగుళం ప్లైవుడ్ వేసేయండి. ఫ్యాన్ స్టవ్వుకి దగ్గర్లో పెట్టండి గానీ సరిగ్గా తల పైన వద్దు, దాని లోపలి చట్రం కిందికి ఉంటుంది. లైట్లు కప్పుకి కాకుండా పై అరల అంచు కింద బిగించండి. బండి చూడడానికి వెళ్ళేటప్పుడు టేపు పట్టుకెళ్ళి పక్కటెముక కింద ఒకసారి, రెండు పక్కటెముకల మధ్య ఒకసారి కొలిచి ఆ రెండంకెలూ ఇక్కడ పెట్టండి, మిగతాది అప్పుడు చెబుతా.